తెలుగు గడి నింపడం ఎలా? ఆధారాన్ని విరిచి చదివే పద్ధతి

ఆదివారం అనుబంధంలో గళ్ల నుడికట్టు (క్రాస్‌వర్డ్, వాడుకలో గడి) కనబడగానే "మనకంత తెలుగు రాదులే" అని పేజీ తిప్పేసేవాళ్లలో చాలామందికి సరిపడా తెలుగు వచ్చు. అలవాటు లేనిది ఆధారం, అంటే జవాబుకి ఇచ్చే సూచన, చదవడం ఒక్కటే. కూర్పరి (గడి కట్టేవాడు) రాసిన ఆధారాన్ని మామూలు వాక్యంలా చదువుకుంటూ పోతే అతను మనల్ని ఎక్కడికి పంపాలనుకున్నాడో అక్కడికే చేరతాం, జవాబు మాత్రం అక్కడ ఉండదు. వాక్యాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఏ పని చేస్తోందో అడగాలి. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ విరవడం గురించే. ఉదాహరణలకి వాడిన ఆధారాలన్నీ నేను కట్టినవే.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేసిన గడి వజ్రం ఆకారంలో ఉండేది, ఆధారాలు సూటిగా ఉండేవి. తెలుగులో శ్రీశ్రీ "పదబంధ ప్రహేళిక" పేరుతోనూ, ఆరుద్ర "గళ్ల నుడికట్టు" పేరుతోనూ వీటిని కూర్చారు. ఇద్దరు కవుల చేతిలో పడ్డాక ఆధారం సూటిగా ఎందుకుంటుంది? శ్లేష, పొడుపుకథ, చాటువు మనకి ముందునుంచీ ఉన్నవే. అవన్నీ గళ్లలోకి వచ్చి కూర్చున్నాయి.

ముందు అక్షరాలు లెక్కపెట్టండి

ఆధారం పక్కన కుండలీకరణంలో ఉండే అంకె జవాబుకి ఎన్ని గళ్లో చెబుతుంది. ఒక్కో గడికి ఒక అక్షరం, అంటే గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలుపుకుని ఒకటి. "స్త్రీ" ఒక్క గడిలో ఇమిడిపోతుంది. "స్వాతంత్ర్యం" ఎంత బరువుగా కనిపించినా మూడే గళ్లు: స్వా, తం, త్ర్యం. ఇంగ్లీషు గడికి అలవాటుపడి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

రెండు చోట్ల జాగ్రత్త. ఒకటి, "ము" గొడవ. "పుస్తకం" మూడు గళ్లు, "పుస్తకము" నాలుగు. అర్థం సరిపోయి ఒక గడి మిగిలిపోతే చివర సున్న తీసి "ము" పెట్టి చూడండి. పాత పద్ధతి కూర్పరులకి ఇది మహా ఇష్టం, పైగా "ము" దగ్గర నుంచి ఇంకో మాట మొదలుపెట్టడం వాళ్లకి సుఖం. రెండోది పొల్లు. "ఆంధ్రప్రదేశ్" నాలుగు గళ్లా, ఐదా? "శ్"కి విడిగా గడి ఇచ్చేవాళ్లున్నారు, "దేశ్" అంతా ఒకే గడిలో కుక్కేవాళ్లూ ఉన్నారు. పక్కన అంకె చూసి, ఆ కూర్పరి ఏ మతమో మొదటిసారే గుర్తుపెట్టుకోండి. మంచి కూర్పరి అసలు పొల్లు మాటల జోలికే పోడు.

పెన్సిల్‌తోనే రాయండి. హల్లు తెలిసి గుణింతం తెలియకపోతే ఆ హల్లుని గడి మూల చిన్నగా రాసి పెట్టుకోండి. "చేసి"నా "చేసె"నా అన్నది తర్వాత ఆ గడిలోంచే వెళ్లే నిలువు మాట తేలుస్తుంది.

తేలికవి ముందు ఏరుకోండి

ఒకటో నంబరు నుంచి వరసగా మొదలుపెట్టడం దండగ. ఆధారాలన్నీ ఒకసారి చదివి, ఒకే జవాబుకి తప్ప చోటులేని వాటిని ముందు నింపండి. పురాణాలు ఇందుకు బంగారు గని. నారదుడి వీణ మహతి, సరస్వతి వీణ కచ్ఛపి, తుంబురుడిది కళావతి. శివుడి విల్లు పినాకం, అర్జునుడిది గాండీవం. కృష్ణుడి శంఖం పాంచజన్యం, అర్జునుడిది దేవదత్తం, భీముడిది పౌండ్రం. ఇంద్రుడి సారథి మాతలి, కృష్ణుడి సారథి దారుకుడు. పాతిక ముప్ఫై పేర్లు ఇలా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఏడాది పొడుగునా పనికొస్తాయి, ఎందుకంటే కూర్పరులకీ అవే కావాలి. "మహతి" లాంటి మూడు గళ్ల మాట, అన్నీ తేలికైన అక్షరాలతో, ఏ మూలనైనా ఒదుగుతుంది మరి.

తెలుగు సంవత్సరాల పేర్లు కూడా చూసుకోండి. అరవైలో మొదటిది ప్రభవ, చివరిది అక్షయ, రెండూ మూడేసి గళ్లు. నక్షత్రాలు, రాగాలు, నదులు, ఋతువులు ఇదే కోవ.

పర్యాయపదాలు: ఒక మాటకి పది ముఖాలు

"సముద్రం (3)" అని ఆధారం ఉందనుకోండి. సూటి ఆధారమే, కానీ ఇదే అన్నిటికన్నా చికాకు. సాగరం, కడలి, మున్నీరు, జలధి, వారిధి, అంబుధి, ఉదధి, పయోధి. ఎనిమిదీ మూడు గళ్లవే. ఏదో ఒకటి రాసేశారో, చుట్టుపక్కల నాలుగు మాటలు చెడిపోతాయి.

ఇక్కడ అడ్డాన్నీ నిలువునీ కలిపి ఆలోచించాలి. అదే "సముద్రం" మాటలో రెండో గడి నుంచి కిందికి "శత్రువు (3)" ఉందనుకుందాం. శత్రువుకి మూడు గళ్ల మాటలు రిపువు, విరోధి, అరాతి. కాబట్టి సముద్రానికి రెండో అక్షరం రి, వి, అ వీటిలో ఒకటి కావాలి. పై ఎనిమిదింటిలో రెండో అక్షరాలు వరసగా గ, డ, న్నీ, ల, రి, బు, ద, యో. రెండు జాబితాలూ కలిసేది "రి" దగ్గర మాత్రమే. అడ్డం వారిధి, నిలువు రిపువు. రెండు ఆధారాలూ విడివిడిగా తేలనివే, పక్కపక్కన పెడితే ఒక్క జవాబే మిగిలింది. గడి ఆటలో అసలు మజా ఇదే అని నా నమ్మకం, చమత్కారాలన్నీ దీని తర్వాతే.

అన్నట్టు, "వారిధి" సముద్రం, "వారధి" వంతెన. ఈ రెండూ కలిపేసి రాసేవాళ్లు ఎక్కువ కాబట్టి కూర్పరి కూడా అక్కడే కాపు కాస్తాడు.

పర్యాయపదాలు బట్టీ పట్టక్కర్లేదు, అల్లిక పట్టుకుంటే చాలు. నీటికి ఉన్న పేర్లు తీసుకోండి: జల, వారి, అంబు. చివర "ధి" చేరిస్తే సముద్రం: జలధి, వారిధి, అంబుధి. "జం" చేరిస్తే తామర: జలజం, వారిజం, అంబుజం. "దం" చేరిస్తే మేఘం: జలదం, వారిదం, అంబుదం. మూడు మాటలు తెలిస్తే తొమ్మిది జవాబులు చేతికొచ్చాయి. నీరజం, నీరదం, పయోధి, పయోదం కూడా ఈ అల్లికలోవే. ఇక్కడ "ధి"కీ "ది"కీ తేడా చూసుకోవాలి, వత్తు పొరపాటైతే నిలువు మాట కదలదు.

భూమికి రెండు గళ్లవి ఇల, ధర, భువి, క్షితి, ధాత్రి. మూడు గళ్లవి అవని, వసుధ, ధరణి, పుడమి, మేదిని. ఇవి ఏ వారం గడిలోనైనా ఒకటైనా ఉంటుంది.

ఆధారంలో అతుకు ఎక్కడుందో చూడండి

చమత్కారం ఉన్న ఆధారంలో సాధారణంగా రెండు భాగాలు. ఒకటి జవాబుకి అర్థం. రెండోది జవాబుని తయారుచేసే పని. అర్థం ఎక్కువగా మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, నడుమ అరుదు. ఆ అతుకు కనబడకుండా వాక్యాన్ని నునుపు చెయ్యడమే కూర్పరి నేర్పు.

"కడప వెనక్కి వాలితే శయ్య (3)". ఊరు మర్చిపోండి. "శయ్య" అర్థం, "వెనక్కి వాలితే" పని, "కడప" సరుకు. వెనకనుంచి చదివితే పడక. అలాగే "పలక వెనక్కి తిప్పితే వడ్రంగికి పని (3)" అంటే కలప.

ఇంకో మెట్టు పైకెక్కితే సరుకుని కూడా దాచేస్తారు. "రావణుడి రాజ్యం తలకిందులైతే రాసుకోవచ్చు (2)". రాజ్యం లంక, తిప్పితే కలం. ఇక్కడ మీరు రెండు పనులు చెయ్యాలి, పర్యాయం వెతకాలి, తర్వాత తిప్పాలి. "తలకిందులు" అన్న మాట నిలువు ఆధారంలోనే సబబు. అడ్డం మాటకి తల ఎక్కడుంది? అక్కడ "వెనుదిరిగి", "అటునుంచి", "కుడి నుంచి" అంటారు. ఈ తేడా పాటించని కూర్పరి మిగతా వాటిలోనూ కాస్త వదులుగా ఉంటాడని లెక్కవేసుకోండి.

పని చెప్పే మాటల్ని గుర్తుపట్టడమే సగం విద్య. కొన్ని రకాలు చూద్దాం.

కోత. "తల తెగిన", "మొదలు లేని", "తోక పోయిన", "సగమే", "నడుమ లేని" లాంటివి. "సముద్రం తల పోయి వేడెక్కింది (2)". పైన చెప్పిన ఎనిమిది సముద్రాలకీ తల తీసి చూడండి. డలి, లధి, రిధి ఎందుకూ పనికిరావు. సాగరం తల తీస్తే గరం. చాయ్ బండి దగ్గర వినే మాటే. "సంగీతం మొదలు తీసినా పాటే (2)" అంటే గీతం.

దీర్ఘం, సున్న, కొమ్ము. ఇంగ్లీషు గడికి లేని సౌకర్యం ఇది. "కాలం కుదించుకుంటే రాతపనికొస్తుంది (2)": దీర్ఘం పోతే కలం. "పందిలోని సున్న తీసేస్తే అంకెల్లో తేలుతుంది (2)": పంది సున్న పోగొట్టుకుంటే పది, పదిని అంకెల్లో రాస్తే సున్న మళ్లీ ప్రత్యక్షం. ఇలాంటివి కట్టేటప్పుడు కూర్పరికి వచ్చే ఆనందం పూరించేవాడికి వచ్చేదానికన్నా ఎక్కువని నా అనుమానం.

అతుకు. రెండు చిన్న మాటలు కలిపి పెద్దమాట. "యుద్ధానికి 'తో' తోడైతే గుమ్మానికి పండగ (3)": తో, రణం కలిసి తోరణం. "కలలో కండ తియ్యన (4)" అంటే కలకండ. ఇలాంటి ఆధారంలో రెండు మూడక్షరాల మాటలు విడివిడిగా కనబడితే వాటిని పక్కపక్కన పెట్టి బయటికి చదవండి, చెవికి తట్టినంత తొందరగా కంటికి తట్టదు.

దాపు. జవాబు ఆధారంలోనే ఉంటుంది. "నవలలో చేపలు చిక్కుకున్నాయి (2)" అంటే నవలలో ఉన్న వల. "లో", "నడుమ", "దాగిన", "ఇమిడిన" కనబడితే ముందు ఆ పక్క మాటల అక్షరాల మీద వేలు పెట్టి జరపండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీని లెక్కచెయ్యకండి.

శ్లేష. దీనికి పని చెప్పే మాట ఉండదు, రెండు అర్థాలే ఉంటాయి. "చెయ్యి చాపి వసూలు చేసేది (2)" కరం: చెయ్యీ, పన్నూ. "బట్ట కట్టిన ఆకాశం (3)" అంబరం. "భజనలో మోగుతుంది, తలుపుకి వేలాడుతుంది (2)" తాళం. పనిమాట ఎక్కడా దొరక్క, వాక్యం మరీ అమాయకంగా ఉంటే శ్లేషనే అనుమానించండి. సంస్కృత నిఘంటువు అమరకోశం మూడో కాండలో నానార్థ వర్గం అని ఒకటుంది, ఒకే మాటకి ఉన్న వేరు వేరు అర్థాలన్నీ అక్కడ దొరుకుతాయి. శ్లేష కట్టేవాళ్లకి ఇంతకన్నా మంచి కొట్టు లేదు.

చెల్లాచెదురు: తొందరపడి రాయకండి

"కలగాపులగం", "గజిబిజి", "తడబడిన", "చెదిరిన" అని ఉంటే అక్షరాలు కలిపెయ్యాలి. ఇంగ్లీషులో ఇలా కలిపితే ఇంకో అసలైన మాట రావాలని నియమం. తెలుగులో గుణింతం అక్షరాన్ని వదలదు కాబట్టి అలాంటి జంటలు అరుదు. అందుకని మన గడుల్లో చాలావాటిలో చెదిరిన రూపాన్నే, అర్థం లేకుండానే, గళ్లలో రాయమంటారు. "చెదిరిన కలువ (3)" అంటే క, లు, వ ఏదో వరసలో. తిరగబడిన వాటికీ ఇదే వాడుక ఉంది: "వెనుదిరిగిన కడలి (3)" అని ఊరుకుంటే గళ్లలో లిడక అని రాయాలి.

కాబట్టి ఆధారంలో రెండో అర్థం ఉందో లేదో ముందు చూడండి. "కడప వెనక్కి వాలితే శయ్య"లో శయ్య ఉంది, కాబట్టి జవాబు అసలైన మాట. "వెనుదిరిగిన కడలి"లో మిగిలింది ఏమీ లేదు, కాబట్టి తిరగేసి రాసెయ్యడమే. నన్నడిగితే ఈ రెండో రకం కూర్పరి బద్ధకం. గళ్లు కుదరనప్పుడు తప్పించుకునే దారి. ఒక గడిలో ఒకటి రెండు ఉంటే సర్దుకోవచ్చు, నాలుగైదు ఉంటే ఆ గడి పక్కన పడేసినా నష్టం లేదు.

నింపాలనుకుంటే లెక్క తెలిసి ఉండాలి. మూడు వేరు వేరు అక్షరాల్ని 6 విధాలుగా పేర్చవచ్చు, అసలు వరస తీసేస్తే 5. నాలుగైతే 24లో ఒకటి పోగా 23. అంచేత చెదిరిన మాటని ఊహతో రాయకండి. కనీసం ఒక అక్షరం, నాలుగు గళ్లదైతే రెండు, నిలువు మాటల నుంచి వచ్చాకే ముట్టుకోండి.

దీనికి ఉపకారం కూడా ఉంది. తెలుగులో మాట "ళ"తోనూ "ణ"తోనూ మొదలుకాదు. మీరు నింపిన నిలువు మాట వల్ల ఒక అడ్డం మొదటి గడిలో "ళ" పడిందంటే, అది తిరగేసిన మాటో, చెదిరిన మాటో అయ్యుండాలి. ఆధారంలో అలాంటి సూచన లేకపోతే మీ నిలువు మాటే తప్పు. రబ్బరు తియ్యండి.

ఆధారం ఏ రూపంలో ఉంటే జవాబు ఆ రూపంలోనే

ఆధారం బహువచనమైతే జవాబు చివర "లు" ఉండే అవకాశం ఎక్కువ, ఆ గడి ముందే నింపుకోవచ్చు. ఆధారం "వెతికి" అని ఉంటే జవాబు కూడా "తడమి" లాంటిదే. మగవాడి గురించి అడిగితే చివర "డు", "వు" చూడండి. ఏకవచనం అడిగి బహువచనం పెట్టే కూర్పరులు లేకపోలేదు, కానీ అది వాళ్ల తప్పు, మీది కాదు.

ఇక పాలిండ్రోములు. "ఎటునుంచి చదివినా నవ్వించే కవి (5)" అంటే అందరికీ తెలిసిన వికటకవి. కునుకు, జలజ, నటన, నందనం కూడా ఈ బాపతే. "కిటికీ" మాత్రం కాదు. చివర దీర్ఘం ఉంది. దీన్ని ఎటునుంచైనా ఒకటే అని పెట్టిన గడులు ఉంటాయి, వాదించి లాభం లేదు.

నిఘంటువు ఎప్పుడు తెరవాలి

సగం నిండాక. ముందే తెరిస్తే ఆట ఆటలా ఉండదు, మొత్తం నిండేదాకా తెరవనంటే కొత్త మాట రాదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు లాంటివి ఒక్క చోటే వెతుక్కోవచ్చు. జవాబు వెతకడానికి కాకుండా, గళ్లలో తేలిన వింత మాట నిజంగా ఉందా అని సరిచూసుకోవడానికి వాడండి. వచ్చేవారం జవాబులు వచ్చినప్పుడు, మీకు రానివాటిని చూసి వదిలెయ్యకుండా ఆధారం పక్కన పెట్టుకుని అతుకు ఎక్కడుందో వెతకండి. ఒకే కూర్పరి గడులు వరసగా నింపితే అతని చేతివాటం తెలిసిపోతుంది: ఒకరికి సినిమా పాటలు, ఒకరికి భారతం, ఒకరికి కూరగాయలు.

ఇక మీరే ప్రయత్నించండి. జవాబులు కిందే ఉన్నాయి, ముందు చెయ్యి అడ్డం పెట్టుకోండి.

అ) ఇంట్లోకి దాటేది వెనుదిరిగితే పాము విప్పేది (3)
ఆ) స్వప్నానికి వరమిస్తే కంగారే (4)
ఇ) స్వరాలతోనే పలికే గొప్పతనం (3)
ఈ) ఎటునుంచి నడిచినా పాదం వెనకే (3)
ఉ) ఒక థర్మామీటరులో దాక్కున్న గాథ (2)
ఊ) కోతి తల తీస్తే నాడి దొరికింది (2)
ఎ) యంత్రం ముందు పడితే పొద్దు వాలే చోటు (4)

జవాబులు. మొదటిది పడగ: దాటేది గడప, దాన్ని తిప్పాలి. రెండోది కల, వరం కలిసి కలవరం. మూడోది గరిమ, సరిగమపదనిలో ఉన్న మూడు అక్షరాలే. ఇది తట్టనివాళ్లు "స్వరాలు" అనగానే అచ్చుల వైపు వెళ్లి ఉంటారు, నేను పంపిందీ అటే. నాలుగోది మడమ. ఐదోది "ఒక థర్మామీటరు" అన్నచోట ఖాళీ తీసేసి చదివితే కథ. ఆరోది వానరం తల తీస్తే నరం. "కపి"తో మొదలుపెట్టి ఉంటే "పి" ఒక్కటే మిగిలి ఉంటుంది, రెండు గళ్లు నిండవు, కాబట్టి కోతికి ఇంకో పేరు వెతుక్కోవాలి. ఏడోది "మర" ముందు "పడ" చేరితే పడమర.